ఎవరి పెళ్లికి ఎవరి ఓటు?

2023 ఏప్రిల్ 23న బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక తీర్మానం చేసింది. స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కావాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు విచారిస్తున్న రోజులవి. దేశంలో 99.9 శాతానికి పైగా ప్రజలు ఈ ఆలోచనకే వ్యతిరేకమనీ, కాబట్టి విషయాన్ని చట్టసభలకు వదిలిపెట్టాలనీ ఆ తీర్మానం సారాంశం. ఈ అంకె ఎక్కడిది? ఎవరు ఎవరినడిగి రాసుకున్నారు? మా తొర్రూరుకైతే ఎవరూ రాలేదు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు అంకెల కన్నా వాటి వెనకున్న గొంతు ముందు వినిపిస్తుంది. ఇది లెక్క తీసినవాడి గొంతు కాదు. లెక్క తీయనక్కర్లేదనుకునేవాడి గొంతు.

మన రాజ్యాంగంలో ఒక చట్టం మీద దేశమంతటా ఓటింగు జరిపే ఏర్పాటు లేదు. అయినా "ప్రజలే తేల్చాలి" అన్న మాట ఈ కేసు పొడుగునా వినిపిస్తూనే ఉంది. ఇవి నగరాల్లోని ఉన్నత వర్గాల అభిప్రాయాలని కేంద్రం కోర్టుకు చెప్పింది. రాష్ట్రాల అభిప్రాయం కోరుతూ ఉత్తరాలు రాసింది. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. అస్సాం, రాజస్థాన్‌లతో పాటు కాదన్న మూడో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. వివిధ మతాల పెద్దలను సంప్రదించామనీ, వారి అభిప్రాయాలను బట్టి తాము ఈ పెళ్లిళ్లకు వ్యతిరేకమనీ ఆ ప్రభుత్వం తెలిపింది. పెళ్లిళ్లకే కాదు, ఆ సమూహానికి చెందిన మనుషులకు కూడా వ్యతిరేకమన్న అర్థం వచ్చేలా ఆ వాక్యం ఉంది. తొందరలో రాసిన గుమాస్తా పొరపాటని సరిపెట్టుకోవచ్చునేమో గానీ, నాకైతే ఆ జవాబు మొత్తంలో నిజాయితీ ఉన్న భాగం అదేననిపించింది. ఇక మతపెద్దల్లో స్త్రీలెందరుంటారో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. జవాబిచ్చిన ఏడింటిలో తెలంగాణ లేదు. ఆ మౌనాన్ని ఏ పక్కన లెక్కేయాలి?

విడ్డూరమేమంటే ఆ కేసుకు పేరిచ్చిన జంట మన హైదరాబాదు వాళ్లే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో అక్కడే బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో అయిదుగురు న్యాయమూర్తులూ ఒక్కటయ్యారు. కనీసం సివిల్ యూనియన్‌నైనా గుర్తించాలన్న ఇద్దరి మాట ముగ్గురి ముందు ఓడిపోయింది. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు. బంతి మళ్లీ ప్రజల దగ్గరికే వచ్చిందని కొందరు సంతోషించారు.

ప్రజల దగ్గరికి నిజంగా వెళ్లిన దేశాలున్నాయి. ఐర్లండ్‌లో 2015 మేలో 62 శాతం మంది ఔనన్నారు. అక్కడ రాజ్యాంగాన్ని మార్చాలంటే ఓటు తప్పదు. ఆస్ట్రేలియాలో అలాంటి అవసరమేమీ లేదు. పార్లమెంటు ఒక్క రోజులో చేయగలిగిన పనికి 2017లో దాదాపు 8 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి పోస్టులో అభిప్రాయం అడిగారు. 61.6 శాతం ఔనన్నారు. గెలిచారు కదా, ఇంకేం అనొచ్చు. తమ కాపురం మంచిదో కాదో తేల్చమని ఊరందరికీ కవర్లు పంచిన ఆ వారాల్లో, పొరుగింటి పోస్టు డబ్బాను చూస్తూ బతికినవాళ్ల సంగతి ఆ శాతంలో కనిపించదు. తైవాన్‌లో కథ తిరగబడింది. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2017లో హక్కును గుర్తించి రెండేళ్ల గడువిచ్చింది. 2018 నవంబరులో ఓటు పెడితే పౌరస్మృతిలో పెళ్లి స్త్రీ పురుషుల మధ్యే ఉండాలని 70 లక్షల మందికి పైగా అన్నారు. కోర్టు మాటను ఓటు కొట్టేయలేదు కాబట్టి 2019 మేలో విడిగా ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టం పేరులో 'స్వలింగ' అన్న మాటా లేదు, 'పెళ్లి' అన్న మాటా లేదు. కోర్టు తీర్పు నంబరు 748ని అమలుచేసే చట్టం, అంతే! పేరు చెప్పడానికి జంకే ప్రేమకథలు మన సాహిత్యంలో మాత్రం తక్కువా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది స్విట్జర్లాండ్. 2021 సెప్టెంబరులో అక్కడ 64 శాతం మంది స్వలింగ వివాహానికి ఔనన్నారు. అదే దేశంలో 1959లో స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వాలా వద్దా అని ఓటు పెట్టారు. ఓటేసినవాళ్లంతా మగవాళ్లు. మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. స్త్రీలు మరో 12 ఏళ్లు, 1971 దాకా ఆగాల్సి వచ్చింది. ఎవరి హక్కు గురించి ప్రశ్నో వాళ్ల చేతిలో చీటీ లేకపోవడం, లేదా ఉన్నా లక్ష చీటీల మధ్య ఒకటిగా మిగిలిపోవడం, ఈ రెంటికీ ఉన్న తేడా ఏపాటిది?

మన దగ్గరి సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. కేంద్రం ఆ పని చేయడానికి 2005 దాకా పట్టింది. అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు ఆ వాటా రాలేదన్నది వేరే దుఃఖం. ఆ ఏడు తొర్రూరు బస్టాండులో చీటీలు పంచి, ఆడపిల్లకు భూమిలో వాటా ఇద్దామా అని అడిగి ఉంటే? వరంగల్ - ఖమ్మం రోడ్డు మీద ఏ ఊళ్లో అడిగినా జవాబు ఒకటే వచ్చేది. ఆడవాళ్లలో కూడా చాలామంది అన్నదమ్ములతో చుట్టరికం తెగిపోతుందని వద్దనే అనేవారు. వాళ్లు అబద్ధం చెప్పేవారని కాదు. పుట్టింటి గడప తప్ప మరో ఆసరా లేనివాళ్లు ఇచ్చే జవాబును అభిప్రాయమనాలా, భయమనాలా?

మాకు పక్కనే ఉన్న పాలకుర్తిలో, గడి నీడలో ఉన్న ఊళ్లో, చాకలి ఐలమ్మ తన పంట తనదేనని విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. అంతకు ముందురోజు ఊళ్లో చేతులెత్తమని ఉంటే ఎన్ని చేతులు లేచేవో ఊహించుకోవచ్చు. 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు ఆ కాలపు స్త్రీల మౌనం ఎన్ని రకాలుగా ఉండేదో తెలుసు.

గురజాడ కూడా ఒక లెక్క చెప్పాడు. 1897 నాటి 'కన్యాశుల్కం' ముందుమాటలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లు 1034 అని రాశాడు. ఆయన చెప్పింది ఎంతమంది ఆ ఆచారాన్ని ఇష్టపడుతున్నారని కాదు. ఆ ఆచారం ఎంతమంది పిల్లల మీద పడిందని. 99.9కీ 1034కీ ఉన్న తేడా అదే. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పుడు, మన శరీరం గురించి మనం రాసుకోవచ్చా అని తెలుగు పాఠకుల ఓటు అడిగి ఉంటే ఏమయ్యేదో ఈ పత్రిక పాఠకులు నాకన్నా బాగా చెప్పగలరు.

పెళ్లినే ప్రశ్నిస్తూ వచ్చిన మనం, ఇంకొకరు పెళ్లి కావాలంటే ఎందుకు వంతపాడాలి అని ఒక మిత్రురాలు అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. పెళ్లి మీద నా అనుమానాలు నాకున్నాయి. కానీ వద్దనే స్వేచ్ఛ, కావాలనే హక్కు ఉన్నవాళ్లకే ఉంటుంది. తలుపు అవతల నిలబడ్డవాళ్లతో, లోపల ఉక్కపోతగా ఉంది మీరు రావద్దు అని చెప్పడం మనకు తేలిక. పైగా స్త్రీ స్త్రీని ప్రేమించడం గురించి మన స్త్రీవాద విమర్శ రాసింది చాలా తక్కువ. ఆ కొంచెంలో కూడా అది పురుషుడి మీద విసుగుకు గుర్తుగానే ఎక్కువ కనిపిస్తుంది తప్ప, ఒక ప్రేమగా కాదు.

నేను పాఠం చెప్పే డిగ్రీ తరగతిలో ఈ తీర్పు మీద మాటలు నడిచాయి. "ఓటు పెడితే అయిపోతది గద మేడమ్, ఎక్కువమంది ఏదంటే అది" అన్నాడొక అబ్బాయి. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, "మా ఇంట్ల నా పెండ్లికే నాకు ఓటు లేదు. వేరేటోళ్ల పెండ్లికి నేనెట్ల ఓటేస్త?" అంది. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఓటింగు వల్ల మంచే లేదని నేననను. ఐర్లండ్‌లో ఇంటింటికీ తిరిగి మాట్లాడారు, తల్లులు పిల్లల గురించి బహిరంగంగా చెప్పారు. కోర్టు తీర్పు ఆ సంభాషణను తేలేదు. కానీ సంభాషణ కావాలంటే సంభాషణే జరపాలి. దానికి ఒకరి బతుకును పందెం కాయనక్కర్లేదు.

1919 నాటి నిజాం కాలపు 'యూనక్స్ యాక్ట్' ఒకటి మన తెలంగాణలో ఉండేది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయించేది. ఆడవాళ్ల బట్టలు కట్టి వీధిలో పాడినా ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చేది. నిజాం పోయాడు, ఎన్నికలు వచ్చాయి, రాష్ట్రాలు మారాయి, ఎన్ని ప్రభుత్వాలు వచ్చినా ఏ అసెంబ్లీ దాన్ని రద్దు చేయలేదు. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. నూరేళ్లపాటు ప్రజల దగ్గరే ఉన్న విషయం అది.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక హెబియస్ కార్పస్ పిటిషన్ వచ్చింది. కలిసి బతుకుతున్న ఇద్దరు మేజర్ స్త్రీలలో ఒకరిని తండ్రి తీసుకుపోయి నిర్బంధించాడని రెండో ఆమె ఫిర్యాదు. తనకు నచ్చినవారితో ఉండే స్వేచ్ఛ ఆమెకుందనీ, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదనీ కోర్టు చెప్పింది. దానికి పెళ్లి చట్టమేదీ అడ్డు రాలేదు.

అదే ఏడాది ఆగస్టులో కేంద్రం మరో పని చేసింది. అలాంటి జంటలను రేషన్ కార్డు కోసం ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు రాసింది, బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి అడ్డేమీ లేదని చెప్పింది. చిన్నవే అయినా అన్నం పెట్టే విషయాలు. తొర్రూరులో ఇద్దరు ఆడవాళ్లు ఆ కార్డు కోసం మీసేవ కేంద్రంలో వరుసలో నిలబడ్డారనుకుందాం. ముందూ వెనకా తెలిసినవాళ్లే. కంప్యూటరు ముందున్న అబ్బాయి పేర్లు కొట్టి, 'సంబంధం' అన్న కాలమ్ దగ్గర ఆగి, తలెత్తి "ఏం రాయమంటరమ్మా?" అని అడుగుతాడు.