ఫొటో కింద రాసే సమయం

గురుగ్రహాన్ని ఫొటో తీయాలంటే ముందు వీడియో తీయాలి. ఎనిమిది అంగుళాల టెలిస్కోపు వెనక చిన్న కెమెరా బిగించి, సెకనుకు వంద ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలు తీస్తే 12,000 ఫ్రేములు చేతికొస్తాయి. వాటిలో చాలావరకు గాలికి చెదిరిపోయినవే. మన తల మీది గాలి కాస్త కుదురుగా ఉన్న క్షణాల్లో పడ్డవాటిని ఆటోస్టాకర్ట్ అనే ప్రోగ్రాం ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సగటు తీస్తుంది. అప్పుడు బయటపడతాయి మబ్బుల పట్టీలు, వాటి అంచుల్లో సుడులు, ఎర్ర మచ్చ అనే పెద్ద తుపాను.

రెండు నిమిషాలే ఎందుకంటే, గ్రహం మన కోసం ఆగదు. భూమికి పదకొండు రెట్లు వెడల్పున్న ఆ గోళం పది గంటలైనా పట్టకుండా తన చుట్టూ తాను తిరిగేస్తుంది. రెండు నిమిషాల్లో ఒక డిగ్రీకి పైగా జరిగిపోతుంది. ఇంకా సాగదీస్తే సన్నటి వివరాలు అలుక్కుపోతాయి. విన్‌జూపాస్ అనే మరో ప్రోగ్రాం ఆ తిరుగుడును లెక్కగట్టి సరిచేసి, వరసగా తీసిన చాలా వీడియోలను ఒకే ఫొటోగా కలుపుతుంది. కానీ ప్రతి వీడియో ఎప్పుడు తీశామో దానికి కచ్చితంగా చెప్పాలి.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ సమయమే. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి యూటీలో, అంటే యూనివర్సల్ టైమ్‌లో రాస్తాం, ప్రపంచమంతటికీ ఒకే లెక్క ఉండాలి కాబట్టి. సమయం రాసి ఉంటే ఏ మచ్చ ఏ రేఖాంశం మీద ఉందో కొలవొచ్చు. వారం తర్వాత మళ్ళీ కొలిస్తే అది ఎటు, ఎంత వేగంగా కొట్టుకుపోతోందో తెలుస్తుంది. 60 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరాన వీచే గాలి వేగాన్ని పెరట్లో కూర్చుని పట్టుకోవడమంటే ఇదే. సమయం లేని ఫొటో ఎంత అందంగా ఉన్నా గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు.

ఈ విషయంలో నేను ఎక్కువగా తలుచుకునేది ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరవాసి క్రిస్టఫర్ గోను. గురుగ్రహం దక్షిణార్ధంలో 1940 ప్రాంతంలో పుట్టిన మూడు తెల్లని సుడులు 1998, 2000 సంవత్సరాల్లో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే సుడిగా మిగిలాయి. ఆ తెల్ల సుడి ఎర్రబడిందని 2006 ఫిబ్రవరిలో గో తన 11 అంగుళాల టెలిస్కోపుతో గమనించాడు. ఆ తర్వాత ఇంకో విచిత్రం జరిగింది. గురుడి మధ్యరేఖకు దక్షిణాన ఉండే వెడల్పాటి గోధుమరంగు పట్టీ 2010 నాటికి కనబడకుండా పోయింది. దాని మీద ఎత్తుగా తెల్లటి అమోనియా మబ్బు కమ్ముకుంది. ఆ ఏడాది నవంబర్ 9న అదే చోట మెరిసే తెల్లని చుక్క ఒకటి గో ఫొటోలో కనిపించింది. పెద్ద టెలిస్కోపులు అటు తిరిగాయి. అక్కడి నుంచి నల్లటి పదార్థం పరుచుకుంటూ పోయి, నెలల్లో పట్టీ తిరిగొచ్చింది. రోజూ చూసే మనిషి ఒకడు లేకపోతే ఆ మొదటి చుక్క ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు.

ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ 2009 జులైలో ఏదో గుద్దుకున్న నల్లటి గాయాన్ని పట్టుకుంటే, హబుల్ అంతరిక్ష టెలిస్కోపు దానివైపు తిరిగింది. దక్షిణాఫ్రికాలో క్లైడ్ ఫాస్టర్ 2020 మే 31న మీథేన్ ఫిల్టరుతో కొత్త మబ్బును చూశాడు. రెండు రోజులకు, గురుడి చుట్టూ తిరిగే జూనో నౌక ఆ దగ్గరి నుంచే వెళ్ళింది. జూనో చాలా దగ్గరగా చూసేది గానీ తరచుగా చూడలేకపోయేది. ఆ మధ్య రోజులన్నీ మనలాంటి వాళ్ళవి.

అందుకే ఫొటోకు పదును పెట్టే షార్పెనింగ్ దగ్గర నేను పట్టుదలగా ఉంటాను. ఆ మీటను ఇంకాస్త లాగితే లేని సుడులు పుట్టుకొస్తాయి, గ్రహం అంచున దొంగ గీత మొలుస్తుంది. వేర్వేరు వీడియోలను విడివిడిగా పేర్చి చూసినప్పుడు అన్నిట్లోనూ కనిపించిందే నిజం. ఒక్కదాంట్లోనే కనిపించినదాన్ని, ఎంత ముచ్చటగా ఉన్నా, వదిలేయాలి. ఎర్ర మచ్చ 1979లో వాయేజర్ నౌకలు వెళ్ళినప్పుడు 23,000 కిలోమీటర్ల పొడవుండేది, 2014లో హబుల్ కొలిస్తే 16,500 కిలోమీటర్లకు తగ్గింది. ఇలాంటి మార్పును వెంటాడే పనిలో మనం పుట్టించిన దొంగ అంచు ఒక్కటి చేరినా లెక్క చెడుతుంది.

గాలి విషయంలో మన నేల అదృష్టం చాలామందికి తెలియదు. 2020లో గురుడు దక్షిణానికి బాగా దిగిపోయి, లండన్ ఆకాశంలో ఇరవై డిగ్రీల ఎత్తు కూడా అందుకోలేదు. హైదరాబాద్‌లో యాభై డిగ్రీలు దాటాడు. 2026 జనవరిలో మిథునరాశిలో ఉన్నప్పుడైతే దాదాపు నడినెత్తి మీదికొచ్చాడు. ఎత్తు పెరిగేకొద్దీ మధ్యలో అడ్డొచ్చే గాలి తగ్గుతుంది. మన ఇబ్బంది డాబాలతోనే. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూ బొమ్మను వణికిస్తుంది. మట్టి నేల దొరికితే స్టాండు అక్కడే వేయాలి, అద్దం చల్లబడేందుకు టెలిస్కోపును గంట ముందే బయట పెట్టాలి.

గురుడి రాశిని బట్టి నదులకు పుష్కరాలు చేసుకునే వాళ్ళం మనం. 2015 తర్వాత గోదావరికి మళ్ళీ 2027లో వస్తున్నాయి. ఆ గురుడిని కనిపెట్టి చూడ్డంలోనూ మనకు వంతుంది. సెబూలో మబ్బు పట్టి, దక్షిణాఫ్రికాలో ఇంకా పొద్దు గూకని వేళ మన ఆకాశం తేటగా ఉండొచ్చు. ఆ గంటల్లో ఎర్ర మచ్చ ఎక్కడుందో యూటీతో సహా రాసిపెట్టేవాళ్ళు రాజమండ్రిలో, కర్నూలులో, వరంగల్‌లో కొందరైనా ఉండాలని నా కోరిక.