రెండు ఊళ్ల మధ్య గీసిన గీత

పార్సిప్పనీలో ఉండే తెలుగువాళ్లకు ఇండియా ప్రయాణం సాధారణంగా న్యూవార్క్ విమానాశ్రయంలోనే మొదలవుతుంది. గోడ మ్యాపు మీద న్యూవార్క్ నుంచి ఢిల్లీకి స్కేలు పెట్టి గీస్తే దారి అట్లాంటిక్, మధ్యధరా మీదుగా పోతుంది. పొడవు సుమారు 13,900 కిలోమీటర్లు. అదే గ్లోబు మీద రెండు ఊళ్లకూ దారం బిగించి పట్టుకుంటే సుమారు 11,760 వస్తుంది. ఆ దారం ఉత్తరానికి ఎగబాకి, గ్రీన్‌లాండ్ దక్షిణ భాగాన్ని కోసుకుంటూ, 70 డిగ్రీల అక్షాంశం దాటాకే కిందికి దిగుతుంది. రెండు వేల కిలోమీటర్లు మిగిల్చిన ఆ వంపు నాకు గొప్ప శిల్పంలా కనిపిస్తుంది.

గ్రీన్‌లాండ్‌లో ఈ గీతకు దగ్గర్లో రెండు చిన్న ఊళ్లున్నాయి: పడమటి తీరాన పామియుట్, తూర్పు తీరాన తాసీలక్. వాటి అక్షాంశ రేఖాంశాలతో భూమి కేంద్రం దగ్గర ఏర్పడే కోణాన్ని లెక్కిస్తే సుమారు 6.4 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 710 కిలోమీటర్లు. ఎవరు చేసినా ఇదే జవాబు.

కాలం లెక్క అంత తేలిక కాదు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్లే జెట్ ఈ దూరాన్ని 47 నిమిషాల్లో దాటాలి. వెనక నుంచి 100 కిలోమీటర్ల గాలి తోస్తే 43 చాలు, అదే గాలి ఎదురైతే 53 కావాలి. ఇక ఆ ఊళ్లవాళ్లకైతే లెక్క పూర్తిగా వేరు. మధ్యలో మంచు పీఠభూమి, రోడ్డన్నది లేదు. పామియుట్ నుంచి ఉత్తరాన నూక్‌కు, అక్కణ్నుంచి కులుసుక్‌కు విమానాలు, చివర తాసీలక్‌కు హెలికాప్టర్. 710 కాస్తా 990 దాకా పెరుగుతుంది. మబ్బు దిగితే ఆగిపోవాల్సిందే. పామియుట్ రన్‌వే 800 మీటర్లు కూడా ఉండదు. శంషాబాద్‌ది నాలుగు వేలు దాటుతుంది. అంత చిన్న రన్‌వే మీద, ఆ గాలుల్లో విమానం దించే పైలట్ల పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

పైన వెళ్లే పెద్ద విమానం వెనకా అలాంటి పనితనమే ఉంది. నేల మీద కూర్చున్న డిస్పాచర్ గాలులు చూస్తాడు, ఇంధనం లెక్కేస్తాడు, ఒక ఇంజను ఆగితే దిగడానికి అందుబాటులో ఉండే విమానాశ్రయాలు ఎంచుతాడు. అతి చల్లని గాలిలో ఇంధనం గడ్డకట్టకుండా చూడటమూ ఆ పనిలో భాగమే. 2022 మార్చిలో రష్యా గగనతలం అమెరికన్ విమానాలకు మూతపడినప్పుడు అందమైన ఆ వంపును విడిచి దక్షిణంగా కొత్త దారులు వెయ్యాల్సి వచ్చింది. గ్లోబు మారలేదు, లెక్కలన్నీ మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. అమెరికా నిబంధనల ప్రకారం ప్రయాణ ప్లాను మీద కెప్టెన్‌కు ఎంత బాధ్యతో డిస్పాచర్‌కూ అంతే.

2025 జూన్‌లో న్యూవార్క్ నుంచి నూక్‌కు నేరుగా వేసవి విమానం మొదలైంది. సుమారు మూడు వేల కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. పిల్లలకు సెలవులిస్తే ఒకసారి వెళ్లి రండి. వెళ్లే ముందు గ్లోబు, దారం ఇచ్చి దూరం వాళ్లచేతే కొలిపించండి.