పెద్ద నదిలో చిన్న పడవ

నదిని గురించిన గ్రంథాలను చదివేటప్పుడు, రచయిత ఎక్కడ నిలిచి నదిని చూస్తున్నాడన్న ప్రశ్న మొదట వేసుకొనదగినది. గట్టుమీద నిలిచినవానికి నది ఒక దృశ్యం. పొగ ఓడ పైఅంతస్తులో నిలిచినవానికి అది ఒక మార్గం. చిన్న పడవలోనివాడు నీటికి మూరెడెత్తున కూర్చుంటాడు గనుక, సుడి, ఇసుకమేట, ఎదురుగాలి, వెనుకనుంచి వచ్చే ఓడ అల - వీటన్నింటికీ అతడు ఒడ్డినది తన శరీరాన్నే. ఆ నది వర్తకపు నది అయినప్పుడు ప్రశ్న ఇంకా జటిలమవుతుంది. అక్కడి నీటికి యజమానులున్నారు, రేవులకు లెక్కలున్నవి. చిన్న పడవ ఆ లెక్కలకు వెలుపలిదా, లోపలిదా అన్నదే విమర్శకుడు తేల్చవలసిన విషయం.

ఈ విషయంలో ప్రపంచ సాహిత్యంలో మొదట స్మరించదగినవాడు మార్క్ ట్వైన్. 1835లో జన్మించిన సామ్యూల్ క్లెమెన్స్ మిసిసిపీ తీరాన హానిబాల్ అనే ఊరిలో పెరిగి, 1857లో స్టీమరు నడిపే విద్యకు శిష్యుడుగా చేరి, 1859లో పైలట్ అనుమతిపత్రం పొంది, 1861లో అంతర్యుద్ధం వచ్చేదాకా ఆ వృత్తిలో ఉన్నాడు. తరువాత అతడు ధరించిన కలంపేరు కూడ ఆ వృత్తిలోనిదే. గుండు కట్టిన తాడుతో లోతు కొలిచే నావికుడు ‘మార్క్ ట్వైన్’ అని కేకవేస్తే, నీరు రెండు బారల లోతున్నదని, అనగా 12 అడుగులున్నదని అర్థం. స్టీమరుకు అది నిర్భయమైన లోతు. తెప్పకు అంత లోతుతో పనిలేదు. ఆ పేరు పెట్టుకొన్నవాడు ఓడమీదివాడుగానే సాహిత్యంలో అడుగుపెట్టినాడని గుర్తుంచుకొనవలె.

ఆ ఓడమీదివాని దృష్టి 1875లో ఒక మాసపత్రికలో వెలువడి, 1883లో ‘మిసిసిపీపై జీవితం’ అనే గ్రంథంలో చేరిన వ్యాసాలలో స్పష్టంగా ఉన్నది. వరద కాలంలో నదినిండా బొగ్గు పడవలు, కలప తెప్పలు, ఇంటిల్లిపాదీ కాపురముండే చిల్లర వర్తకపు పడవలు దిగివస్తాయి. రాత్రివేళ దీపం పెట్టవలెనని చట్టమున్నా, వారు తరచు పెట్టరు. చీకటిలో హఠాత్తుగా ఓడ ముక్కు ముందు ప్రత్యక్షమై, తప్పించుకొని, తిట్లు తిని, తిట్టి పోతారు. వర్ణనలో హాస్యమున్నది, చాతుర్యమున్నది. న్యాయం మాత్రం పైలట్ పక్షాననే ఉన్నది. చిన్న పడవవాడు అక్కడ ఒక అడ్డంకి. అంతకు మించి మనిషి కాడు.

1876లో ఆరంభించిన ‘హకల్‌బెరీ ఫిన్’ నవలలో అదే రచయిత తెప్పమీదికి దిగి కూర్చున్నాడు. పదహారవ ప్రకరణంలో, మబ్బు కమ్మిన రాత్రి, హక్, జిమ్ ఎదురుగా వస్తున్న స్టీమరును చూచి లాంతరు వెలిగిస్తారు. దీపమున్నా ఓడ తప్పుకొనదు; తెప్పమీదుగా పోతుంది. ఇద్దరూ నీటిలోకి దూకుతారు. క్షణమాత్రం ఆగిన యంత్రాలు మళ్ళీ తిరుగుతాయి. తెప్పవాళ్ళను గురించి ఓడవాళ్ళకు ఎన్నడూ అంతగా పట్టింపు లేదని హక్ కోపం లేకుండా చెప్పుకొంటాడు. మొన్న దీపం పెట్టరని పైలట్ నిందించినాడు. నేడు పెట్టిన దీపం ఎవరికీ కనబడలేదని తెప్పవాడు సాక్ష్యమిచ్చినాడు. ఒకే మనిషి ఈ రెండు సాక్ష్యాలనూ వ్రాయగలిగినాడు. నవలలో అతని గొప్పతనానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఈ నవలను విమర్శకులు ఎక్కువగా స్వేచ్ఛాగానంగా చదివినారు. 1948లో లయనల్ ట్రిలింగ్, 1950లో టి. ఎస్. ఎలియట్ తాము వ్రాసిన పీఠికలలో నదిని ఒక దేవతాశక్తిగా భావించి, కథాగమనాన్నీ ముగింపునూ సమర్థించినారు. 1953లో లియో మార్క్స్ దానిని ఆక్షేపించి, జిమ్ విముక్తిని చివరి ప్రకరణాలు ఆటగా మార్చివేసినవని వాదించినాడు. మార్క్స్ ఆక్షేపణ బలమైనదే. కాని అతడు ముగింపును పట్టుకొన్నాడు. తెప్ప పుట్టుకను పరిశీలించితే చిక్కు ఆదినుంచే ఉన్నదని తెలుస్తుంది.

ఆ తెప్ప ఎక్కడిది? వరదలో కొట్టుకొని వచ్చిన కలప తెప్పలో ఒక ముక్క. 12 అడుగుల వెడల్పు, 15, 16 అడుగుల పొడవు, నీటిపైన ఆరేడు అంగుళాల ఎత్తు. అనగా అది వర్తకం జారవిడిచిన సరకు. దానిమీద ప్రయాణించే జిమ్ ఎవరు? న్యూ ఆర్లియన్స్‌కు ఎనిమిది వందల డాలర్లకు అమ్ముడుపోకుండ పారిపోయినవాడు. తన విలువ ఎనిమిది వందలని, ఇప్పుడు తనకు తానే సొంతం గనుక తాను ధనవంతుడనని అతడు లెక్క కట్టుకొంటాడు. ఇద్దరి ఉపాయమేమి? ఒహాయో నది కలిసే కైరో వద్ద తెప్పను అమ్మి, ఆ డబ్బుతో స్టీమరెక్కి, దాస్యంలేని రాష్ట్రాలకు పోవడం. పొగమంచులో కైరో దాటిపోయినది గనుక తెప్ప ప్రయాణం కొనసాగినది. స్వేచ్ఛకు చిహ్నమని విమర్శకులు పూజించిన తెప్పను, స్వేచ్ఛ కావలసినవారు అమ్మదలచినారు!

తరువాత తెప్పమీద చేరిన వంచకులలో ఒకడు, జిమ్ పారిపోయిన బానిస అని రెండువందల డాలర్ల బహుమానంతో ప్రకటన అచ్చువేస్తాడు. ఆ కాగితం చేత ఉంటే పగలు కూడ నిర్భయంగా ప్రయాణం చేయవచ్చునట. చివరకు రెండవవాడు జిమ్‌ను నలభై డాలర్లకు అమ్ముతాడు. వర్తకపు నదిలో మనిషి వెలుగున కనబడవలెనంటే సరకుగా కనబడవలె. ట్వైన్ ఇంతకంటె కఠినమైన మాట ఎక్కడా అనలేదు. ఇక్కడ కూడ అది కథలోని వినోదంగానే సాగిపోతుంది.

తెప్పమీది ప్రశాంత రాత్రులు, నక్షత్రాలు, ఉదయం నీటిపై వ్యాపించే వెలుగు అబద్ధమని దీని అర్థం కాదు. ఆ పుటలు లేకపోతే గ్రంథమే లేదు. కాని ఆ శాంతి రెండు రేవుల మధ్యనున్న వ్యవధి. దానిని వ్యవధిగా చదివినప్పుడే దాని విలువ తెలుస్తుంది. నిత్యమని చదివితే జిమ్‌ను మరచినట్లవుతుంది.

మన దేశంలో ఈ సత్యాన్ని నిర్మొహమాటంగా చెప్పినది మాణిక్ బందోపాధ్యాయ బంగ్లా నవల ‘పద్మానదీర్ మాఝీ’. 1936లో గ్రంథరూపం పొందిన ఈ నవల ఇలీష్ చేపల వేటతో ఆరంభమవుతుంది. గోదావరి వాసులు పులస అనేది ఆ జాతి చేపనే. రాత్రి నదిపై వందలాది పడవల దీపాలు తిరుగాడుతుంటాయి. దూరం నుంచి చూచేవానికి అది దీపోత్సవం. పడవలోని కుబేరుడికి అది జ్వరంతో కూడ తప్పని కూలి. పేరుకే కుబేరుడు, పడవా వలా ధనంజయునివి గనుక సగం అతనిది, మిగిలిన సగాన్ని కుబేరుడూ గణేశూ పంచుకొంటారు. తెల్లవారేసరికి ఆ చేపలు పెట్టెలలో మంచుగడ్డల మధ్య చేరి, రైలు వ్యాగన్లలో కలకత్తాకు పోతాయి. నదిని ఎంత లోతుగా ఎరిగినా, ధర నిర్ణయించే చోటికి కుబేరుని పడవ పోలేదు.

ఇక్కడ కూడ ఒక విముక్తిద్వారమున్నది. హొసేన్ మియా అనే వ్యాపారి సముద్రంలో ఒక ద్వీపం కొని, దిక్కులేనివారిని చేర్చి వాసయోగ్యం చేస్తున్నాడు. దొంగతనం నింద పడిన కుబేరుడు, చివరకు కపిలతో కలిసి ఆ ద్వీపానికే బయలుదేరుతాడు. అతనిని తీసుకొనిపోయే పడవ కూడ వ్యాపారిదే. ట్వైన్ తన పాత్రలకు ముగింపులో వీలునామా ద్వారా అకస్మాత్తుగా విడుదల ఇచ్చినాడు. మాణిక్ ఆ సదుపాయం చేయలేదు. అందువలన ఆయన ముగింపు పాఠకుని వెన్నాడుతుంది.

తెలుగులో గోదావరి వర్ణనకు కొరత లేదు. అయితే అందులో అధికభాగం గట్టుమీదినుంచి చూచినది. పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ అందుకు మినహాయింపు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరేగాక, పడవలకు దారి కూడ అయినవి. అటువంటి కాలువలో, రాత్రి, సరకు పడవలో ఈ కథ నడుస్తుంది. పద్దాలు పడవలోని సరకు దొంగిలించి దిగిపోతాడు. అతని కోసం వచ్చిన రంగి పడవవాళ్ళకు చిక్కుతుంది. తన బ్రతుకును ఆమె ఒక ప్రయాణికునికి చెప్పుకొంటుంది. చల్లని గాలి, నిద్రపోతున్న గట్లు అన్నీ ఉన్నవి. వాటి నడుమ తూచవలసిన సరకూ, జవాబు చెప్పవలసిన స్త్రీ కూడ ఉన్నారు. పద్మరాజుగారు రెంటిలో దేనినీ వదలలేదు.

చిన్న పడవ పెద్ద నదిపాలిట స్వతంత్రమని చెప్పడం సులభం. ఆ పడవ ఎవరిది, అందులోని సరకు ఎవరిది, అది ఏ రేవులో ఎంతకు పోతుంది అని అడగడం కష్టం. ఈ మూడు రచనలూ అడిగినవి. రోడ్లూ రైళ్ళూ వచ్చి కాలువలలో రాదారి పడవలు కనుమరుగైన తరువాత, ఆ పడవవాళ్ళ లెక్కలు ఇక సాహిత్యంలోనే మిగలవలె. గోదావరి అందాన్ని వ్రాసినవారు తెలుగులో చాలమంది ఉన్నారు. గోదావరిపై గడవేసినవాని కూలిని వ్రాసినవారు ఇంకా కావలసి ఉన్నారు.