పద్యమునకు పట్టు కాలము

పద్యనాటకమును టెలివిజను ధారావాహికగా మార్చవలెనని యెవరైన సంకల్పించినపుడు మొట్టమొదట వారి నోట వెలువడు ప్రశ్న "పద్యాలు ఎన్ని ఉంచాలి?" అనునదియే. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు 1912లో రచించిన "సత్యహరిశ్చంద్రీయము"ను వారమున కొక భాగము చొప్పున ప్రసారము చేయుటకు వీలుగా వ్రాసి యిమ్మని నన్ను కోరిన నిర్మాతయు, కాఫీ చల్లారకమునుపే యా ప్రశ్ననే వేసెను. ఆయన కళాద్వేషి కాడు. చిన్ననాట తండ్రి భుజముపై కూర్చుండి కాటిసీను చూచినవాడు, నేటికిని ఆ సీనులోని పద్యములు నాలుగైదు తప్పులేకుండ అప్పగింపగలవాడు. అయినను, అరగంట వ్యవధిలో ప్రకటనలు పోగా మిగులు ఇరువది రెండు నిమిషములను కంటి యెదుట పెట్టుకొని లెక్క వేయువానికి, ఒక్క పద్యము ఆరేడు నిమిషములను మ్రింగివేయుట దుస్సహముగా తోచుటలో వింత లేదు. నేను ఈ వారము వ్రాయదలచినది ఆ నిమిషములను గూర్చియే.

మన పద్యనాటకము కథ చెప్పుటకై బ్రతికినది కాదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1887లో బళ్ళారిలో "చిత్రనళీయము"తో తెలుగు నాటకమున పాటకు పీట వేసిన నాటినుండి, పార్సీ కంపెనీల ధోరణియు హార్మోనియమును మన రంగస్థలమున స్థిరపడిన పిదప, ప్రేక్షకుడు రాత్రియంతయు నిద్ర కాచుకొని కూర్చుండినది తెలియని కథను తెలిసికొనుటకు గాక, తెలిసిన కథను తనకు నచ్చిన గొంతులో వినుటకు. హరిశ్చంద్రుడు ఆలిని అమ్ముకొనునని యెరుగనివాడు ఆ పందిటిలో ఒక్కడైన నుండడు. కంట్రాక్టు నాటకముల కాలమున ఈ తత్త్వము మరింత ముదిరి, వారణాసి సీనునకు ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనునకు వేరొక హరిశ్చంద్రుడు, తిరుపతి వేంకటకవుల యుద్యోగవిజయములలో మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు అనుచు, ఒక్క పాత్రనే నటులు పంచుకొని పాడిపోవు ఆచార మేర్పడెను. రాయబారమునకు బయలుదేరిన కృష్ణుడు సన్నగాను, సభలో ప్రవేశించిన కృష్ణుడు స్థూలకాయుడుగాను ఉన్నను ఎవ్వరును గొణిగినవారు లేరు. (టెలివిజను ధారావాహికలలో నేడును నటులు నడుమ మారుచునే యున్నారు గాని, అది పారితోషికపు తగవులవలన, సంగీతాభిమానమువలన కాదు.) పద్యము చక్కగా పడినచో "వన్స్ మోర్" అని కేక వేసి, కన్నకొడుకు శవమును ఒడిలో నుంచుకొని విలపించు చంద్రమతిచేత ఆ విలాపమునే మరల పాడించుకొను ప్రేక్షకుని మనము క్రూరు డనరాదు. అతడు కథను ఎన్నడో దాటిపోయినవాడు.

ధారావాహిక సంగతి యిందుకు తలక్రిందులు. అది అసంపూర్తిగా ఆగుటచేతనే జీవించుచున్నది. రేపటికో, వచ్చువారమునకో ఏదో యొకటి మిగిల్చి పోకున్నచో దానికి బ్రతుకు లేదు. ఇట్లనుటచేత తెలిసిన కథ టెలివిజనునకు పనికిరాదని కాదు. 1987 జనవరిలో మొదలైన రామానందసాగరు "రామాయణ్" 78 భాగములును, అటుపిమ్మట వచ్చిన బి.ఆర్.చోప్రా "మహాభారత్" 94 భాగములును, దేశమంతటికిని తెలిసిన కథలతోనే ఆదివారపు వీథులను నిర్జనములు గావించినవి. అయితే ఆ రెండింటిలోను పాట యెవరి నోట నున్నదో గమనింపవలెను. రవీంద్ర జైను చౌపాయీలు పాడుచుండగా రాముడు నడచిపోవుచుండును. మహేంద్ర కపూరు గళము వినవచ్చుచుండగా కురుక్షేత్రమున రథములు కదలుచుండును. పాత్రలు మాటాడును, పాట వెలుపలినుండి వచ్చును. పాట సాగునంతసేపును కథ ఆగవలసిన పని లేదు గనుక ఇది మిక్కిలి సుకరమైన యుపాయము. నిర్మాతగారి మిత్రుడొకడు మా హరిశ్చంద్రునకును దీనినే సూచించెను: రాజు పెదవి కదపక చితిమంటలను చూచుచు నిలువవలెనట, నేపథ్యమునుండి ఎవరో పద్యము నాలపింపవలెనట! నేను సమ్మతింపలేదు. అసత్యమాడనని వ్రతము పట్టి, ఆ వ్రతముకొరకే రాజ్యమును, ఆలిని, బిడ్డను పోగొట్టుకొన్నవాని మాటను వేరొకని నోట పలికించుట, ఆ కథ మొదలంటనే నరుకుట యని నాకు తోచినది. పద్యనాటకమున పద్యము అలంకారము కాదు, సంభాషణము. అది పాత్ర నోటనే యుండవలెను.

పద్యమునకును తెరకును నడుమ సంధిని మనవారిలో తొలుత సాధించినది చలనచిత్రమే. తొలి తెలుగు టాకీ "భక్తప్రహ్లాద" ధర్మవరమువారి నాటకమునుండి, సురభివారి నటులతో తయారైనది. ఆ తొలిదినముల చిత్రములనేకము నాటకమును ఉన్నదున్నట్లు తెరమీదికి మోసికొని వచ్చినవే. పిదప ఘంటసాల వచ్చి, రాగమును పద్యమునకు ముందు రెండు మూడు వరుసలకు కుదించి, పద్యాంతమున పొడిగింపును తగ్గించి, సమాసము ఎక్కడ విరిగిన అర్థము చెడునో అక్కడ ఊపిరి తీసికొనక, ప్రతి పదమును చెవికి స్పష్టముగా అందించు నొక పద్ధతిని నెలకొల్పెను. వ్యాకరణము తెలియని శ్రోతకును అర్థము తెలియునట్లు పద్యము చదువుట సామాన్యమైన విద్య కాదు. నా ధారావాహికలో ముప్పాతికమువంతు పద్యములకు ఆ కొలతయే చాలునని మొదటి దినముననే నిశ్చయించుకొంటిని. విశ్వామిత్రుని యెదుట హరిశ్చంద్రుడు చెప్పు ప్రత్యుత్తరములు, వారణాసి వీథిలో చంద్రమతి ధైర్యవచనములు, ఇవి నిమిషము నిమిషమున్నరలో ముగిసిన యెడల వానికి లోటేమియు రాదు. పైగా పద్యమునకును వచనమునకును నడుమ అతుకు కనబడకుండ పోవును.

కాటిసీను మాత్రము ఈ కొలతకు లొంగలేదు. ఇక్కడ కొంచెము విస్తరించి వ్రాయక తప్పదు.

పరీక్షార్థము ఒక దినము చిత్రీకరణ జరిపితిమి. హరిశ్చంద్ర పాత్రలో తల నెరసిన యొక రంగస్థలనటుని పిలిపించితిమి. భుజముపై నల్లగొంగళి, చేత కర్ర, నుదుట విభూతి. హార్మోనియము ఐదు శ్రుతిలో మ్రోగుచుండగా ఆయన కన్నులు మూసికొని ఒక్క క్షణము నిలిచెను. దర్శకుడు యువకుడు, తెలిసినవాడు, వినయము గలవాడు. చితివంక చూచుచు పాడవలెనని ఆయనకు మూడు మారులు చెప్పెను. మూడు మారులును ఆయన మొదటి పాదము చితివంక చూచియే యెత్తుకొని, రెండవ పాదమునకు రెండడుగులు ముందునకు వచ్చి, మూడవ పాదమునకు ఎదుటి గోడవైపునకు పూర్తిగా తిరిగి నిలిచెను. యౌవనము మొదలుకొని ఎన్ని ఊళ్ళ తిరునాళ్ళలోనో అలవడిన అడుగులవి.

"తాతగారూ, ఈసారి మెల్లగా పాడండి. మైకు దగ్గరే ఉంది," అని దర్శకుడనెను.

"మెల్లగా పాడితే కాటిసీను కాదు నాయనా, జోలపాటవుతుంది," అని చెప్పి ఆ వృద్ధుడు నావంక తిరిగి, "పంతులుగారూ, చితిని చూసి పాడమంటాడీ బాబు. చితికి చెవులున్నాయా? వినేవాళ్ళు ఎదురుగా ఉండొద్దూ?" అనెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద ఉత్తరము లేకపోయెను. టెలివిజనులో వార్తలు చదువువారు తక్క మరెవ్వరును కెమెరా కంటిలోనికి చూడరాదన్న మర్యాద యొకటి ధారావాహికలలో పాతుకొనిపోయినది. పాత్రలు పాత్రలతోనే మాటాడవలెను. మంచిది, ఒంటరిగా కాపున్న కాటికాపరి యెవ్వరితో మాటాడును? నాటకమున ఈ చిక్కు లేదు. అక్కడ అతడు జనముతో మాటాడును. కనుక ఆయనను కెమెరా కంటిలోనికే చూచి పాడుమంటిమి. మొదట ముఖము తెరనిండ వచ్చునట్లు తీసితిమి. తారస్థాయిలో స్వరమును నిలిపినపుడు కంఠనాళములు ఉబ్బి, నోరు విశాలముగా తెరచుకొని, శోకమునకు బదులు శ్రమ కనబడెను. రంగస్థలగానము దూరమును నమ్ముకొన్న విద్య. తరువాత కెమెరాను వెనుకకు జరిపి, నడుమువరకు కనబడునట్లును, చాపమీద ముందువరుసలో కూర్చుండిన వాని కంటి యెత్తునుండి చూచుచున్నట్లును క్రిందుగా నుంచి, పద్యము మొదటినుండి తుదివరకు ఎక్కడను కోయక తీసితిమి. అపుడు గదిలో నున్నవారు మాటాడుట మానివేసిరి. కూర్పరి, తన సహజాభ్యాసమున నాలుగు క్షణముల కొకమారు దృశ్యమును మార్చి, నడుమ నడుమ చితిమంటను, నక్కను, చంద్రుని చొప్పించి మరియొక ప్రతి తయారుచేసి చూపెను గాని, కోత పడినచోటనెల్ల రాగము వినుచున్న వాని యూపిరి తెగుచుండెను. గొంతు తెగలేదు, కంఠధ్వని ఉన్నదున్నట్లే యున్నది, అయినను తెగినట్లు వినబడెను.

ఆ సీనులో మరియొక సంగతి గలదు. కాటిసీనులో నటులు పాడు పద్యములలో మిక్కిలి ప్రసిద్ధములైనవి బలిజేపల్లివారివి కావు. గుఱ్ఱము జాషువాగారి శ్మశానపద్యములు. నాటకమూలమున లేని యా పద్యములను నటులు తెచ్చి పాడుకొనిరి, జనము అవి నాటకములోనివే యనుకొనిరి. మూలమునకు కట్టుబడవలెనన్న పక్షమున వానిని తీసివేయవలసియుండును. నేను తీసివేయలేదు. అంటరానితనమును ఊరూరను అనుభవించిన వినుకొండ కవి, రాజునకును నిరుపేదకును భేదమెరుగని చోటుగా శ్మశానమును వర్ణించి వ్రాసిన పద్యములు, వీరబాహునకు దాసుడై కాటికి కాపున్న చక్రవర్తి నోట చేరుట, ఏ పండితుడును పథకము వేసి సాధింపలేని సంపాదకత్వము. ధారావాహిక పేరులపట్టికలో జాషువాగారి పేరు బలిజేపల్లివారి పేరు ప్రక్కనే యుండవలెనని షరతు పెట్టితిని.

కథను వారమువారమునకు లాగు బండియెద్దు మాత్రము హరిశ్చంద్రుడు కాడు, నక్షత్రకుడు. విశ్వామిత్రుని యప్పువసూలునకై వెంటబడి, అడవిలోను వెంటనే, కాశిలోను వెంటనే యుండి, కాళ్ళు నొచ్చుచున్నవనియు ఆకలియగుచున్నదనియు సణుగుచు, గడువు గుర్తుచేయుచుండు నీ శిష్యపరమాణువు ధారావాహికకు దైవమిచ్చిన పాత్ర. బలిజేపల్లివారు స్వయముగా ఈ వేషమునే ధరించెడివారన్నచో, నాటకమునకు ఆయువుపట్టు ఎక్కడ నున్నదో కవికి తెలిసియుండెననుకొందును. నేను పద్యములను తగ్గింపలేదు గాని, నక్షత్రకుని వచనమును మాత్రము రెండింతలు చేసితిని. ప్రతిభాగాంతమునను గడువు దగ్గరపడినదని చెప్పువాడు అతడే. ఉత్కంఠ పని అతనికి అప్పగించి, పద్యములను ఆ చాకిరినుండి విడిపించితిని.

నిజము చెప్పవలసినచో, నిర్మాత నన్ను ముందుగా అడిగియున్న యెడల "శ్రీకృష్ణతులాభారము"ను తీసికొమ్మనియుందును. అంతఃపురము, సవతుల మాత్సర్యము, ఇరువురి నడుమ నిప్పు రాజవేయు నారదుడు, తులలో భర్తనే దానమిచ్చి చిక్కుపడిన ఇల్లాలు: ధారావాహికలవారు ఇన్నేండ్లుగా వెదకుచున్న సమస్తమును ముత్తరాజు సుబ్బారావుగారు ఎన్నడో సమకూర్చి పెట్టినారు. స్థానం నరసింహారావుగారు సత్యభామవేషమునకై తామే వ్రాసికొని, ఒక్క పల్లవినే విధవిధములైన హావములతో మరల మరల పాడుచు సభను కదలనీయని యా పాట, 1966నాటి చిత్రమున సుశీల గళమున, జమున యభినయమున చక్కగా ఒదిగిపోవుటకు కారణము, అది దూరమును కోరని గానము. కనుబొమ కదలిక చాలును. చిన్నతెర కనుబొమలకు అనుకూలము. హరిశ్చంద్రుడు కనుబొమలతో చేయదగిన పని యేమియు లేదు.

చేతికి వచ్చినది హరిశ్చంద్రుడు గనుక అతనితోనే వేగవలెను. తుదకు నేను వ్రాసి యిచ్చినది ఇది: మిగిలిన భాగములన్నిటిని స్టూడియోలోను, ఆరుబయటను వారి యిష్టము వచ్చినట్లు తీసికొనవచ్చును, పద్యములను ఘంటసాల కొలతలో పాడించుకొనవచ్చును. కాటిసీనును మాత్రము తెనాలి ప్రాంతమున నేదో యొక యూర, తిరునాళ్ళ రాత్రి, నిజముగా నాటకము చూడ వచ్చిన జనము నడుమ, మూడు కెమెరాలు పెట్టి, ఆ వృద్ధనటునిచేతనే పాడించి తీయవలెను. జనము వన్స్ మోర్ అన్నచో అదియు అందులో ఉండవలెను. ఆయన మరల పాడినచో అదియు. ఆ వారము ప్రకటనలు నడుమ రాక భాగము ముగిసిన పిదప రావలెను. నిర్మాత కాదనలేదు, ఔననలేదు. జనరేటరు కెంత, ముగ్గురు కెమెరామెనులకు రాత్రిబత్తె మెంత, నడుమ ప్రకటనలు మానినచో వచ్చు నష్టమెంతయని గుమాస్తాచేత లెక్క కట్టించుచున్నాడు.