నోరు కట్టని ప్రయోగం

ఒళ్లు తగ్గాలనుకునే మనిషికి ఇంట్లోవాళ్లూ, పక్కింటివాళ్లూ, డాక్టర్లూ కూడబలుక్కున్నట్టు చెప్పే సలహా ఒకటే: నోరు కట్టుకో. కట్టుకున్నవాళ్లు తగ్గుతారు కూడా. కొన్నాళ్లకు బీరువా అడుగున దాచిన పాత సైజు బట్టలు మళ్లీ పైకొస్తాయి. అప్పుడు అందరూ కలిసి ఆ మనిషి నోటినే తిడతారు. తప్పు నోటిదా, పళ్లెంలో వడ్డించినదానిదా? ఈ తగవు తేల్చడానికి అమెరికాలో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం 2019 మేలో ‘సెల్ మెటబాలిజం’ పత్రికలో అచ్చయింది. ఫలితం గురించి వార్తలు బోలెడు వచ్చాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆ ఫలితాన్ని రాబట్టిన పనితనం.

హాల్ చదివింది భౌతికశాస్త్రం. మేరీల్యాండ్ రాష్ట్రం బెథెస్డాలో ఉన్న జాతీయ ఆరోగ్య సంస్థల్లో చేరి, ఒంటి బరువుకు లెక్కలు కట్టే పనిలో పడ్డాడు. ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అనే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ కొలిచి, 2016లో ఆ లెక్కలు బయటపెట్టాడు. పోటీ నడిచిన 30 వారాల్లో వాళ్లు సగటున 58 కిలోలు తగ్గారు; ఆరేళ్లలో 41 కిలోలు తిరిగి పెరిగారు. పైగా ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి, ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువ తేలింది. పట్టుదలకు అంతకు మించిన పరీక్ష పెట్టలేం. 2019 నాటి ప్రయోగంలో పట్టుదలకు అసలు పనే లేకుండా చేయడం వెనుక ఈ అనుభవం ఉందని నా అనుమానం.

పదిమంది ఆడవాళ్లు, పదిమంది మగవాళ్లు. సగటు వయసు 31. నాలుగు వారాలు ఆస్పత్రి వార్డులోనే మకాం. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయని సరుకులతో వండిన తిండి. ఎవరికి ఏది ముందన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఒకే మనిషి రెండూ తింటాడు కాబట్టి అతని పుట్టుక, ఆకలి, బద్ధకం రెండు వైపులా ఒకటే. రోజుకు మూడు పూటలు, పూటకు గంట సమయం, మధ్యలో చిరుతిళ్లు. మనిషికి కావలసినదానికి దాదాపు రెట్టింపు వడ్డించి, తినాలనిపించినంత తినండి, వద్దనుకుంటే వదిలేయండి అన్నారు.

ఏది అల్ట్రా ప్రాసెస్డ్ అన్న విభజన బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మాంటెరో 2009లో ప్రతిపాదించిన ‘నోవా’ పద్ధతిది. పోషకాలను పక్కనబెట్టి, ఫ్యాక్టరీ చేయి ఎంత పడింది, ఎందుకు పడింది అన్నదాన్ని బట్టి అది తిండిని నాలుగు గుంపులు చేస్తుంది. ఇంట్లో పెట్టిన ఆవకాయ నాలుగో గుంపులోకి, అంటే అల్ట్రా ప్రాసెస్డ్‌లోకి రాదు, బతికిపోయాం. పోషకాలు సమానం చేస్తే ఈ రెండు తిళ్ల మధ్య తేడా ఏమీ ఉండదనే మొదట్లో హాల్ కూడా అనుకున్నాడు. తన నమ్మకానికి తానే గట్టి పరీక్ష పెట్టుకున్నాడన్నమాట.

అసలు పనితనం వంటింట్లో ఉంది. వడ్డించే క్యాలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు, మాంసకృత్తులు రెండు వైపులా సరితూగాలి. ఒక పొద్దున సీరియల్, పాలు, బ్లూబెర్రీ మఫిన్, మార్జరిన్. దానికి జోడీగా గ్రీకు పెరుగు, స్ట్రాబెర్రీలు, అరటిపండు, అక్రోట్లు. ఒక మధ్యాహ్నం డబ్బా రావియోలీ, తెల్ల బ్రెడ్డు, బిస్కెట్లు; దానికి జోడీగా పాలకూర సలాడ్, చికెన్, యాపిల్ ముక్కలు, ద్రాక్ష. ఒకదానిలో చక్కెర ఫ్యాక్టరీలో పడితే మరోదానిలో పండులోనే ఉంది. గ్రాములు మాత్రం పక్కపక్కన నిలబడాలి. వారం రోజుల మెనూ అంతా ఇలా కంసాలి త్రాసు మీద తూచినట్టు కూర్చారు. వ్యాసం అనుబంధంలో ప్రతి పూట పళ్లెం ఫొటో ఉంది. వాటిని తిరగేస్తుంటే డైటీషియన్ల ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త నాకు మరీ నచ్చింది. అందరికీ వదులు బట్టలు ఇచ్చారు. రోజూ తూచేవారు గానీ అంకె చూపించేవారు కాదు. నడుము బిగుసుకుంటోందని తెలిస్తే మనిషి తనకు తెలియకుండానే ముద్ద తగ్గిస్తాడు. ఆ దారి కూడా మూసేశారు.

అల్ట్రా ప్రాసెస్డ్ వారాల్లో రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో 0.9 కిలో పెరిగారు. రెండో తిండి మీద అంతే, 0.9 కిలో తగ్గారు. ఎక్కువ తిన్నదంతా పిండిపదార్థాలూ కొవ్వూ. మాంసకృత్తుల్లో తేడా లేదు. రుచికి మార్కులు వేయమంటే రెంటికీ దాదాపు ఒకేలా వేశారు. అంటే నాలుక చాపల్యం అన్న నిందకు ఇక్కడ ఆధారం దొరకలేదు. అల్ట్రా ప్రాసెస్డ్ తిండి వేగంగా లోపలికి పోయింది. ఇంటి తరహా తిండి మీద ఆకలిని అణిచే పీవైవై హార్మోన్ పెరిగింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ మొదటికన్నా తగ్గింది. ఎవరూ ఎవరికీ ఉపదేశం చేయలేదు.

అతుకు కనిపించే చోటు ఒకటుంది: పీచు. ఫ్యాక్టరీ తిండిలో అది సరిపడా లేకపోతే నిమ్మరసంలాంటి పానీయాల్లో కలిపి లెక్క సరిచేశారు. లెక్క సరిపోయింది గానీ, పానీయాలు తీసేసి చూస్తే ఆ తిండిలో గ్రాముకు క్యాలరీలు రెండోదానికి దాదాపు రెట్టింపు. తప్పు ఫ్యాక్టరీదా, ఆ చిక్కదనానిదా అన్నది ఈ ప్రయోగంతో తెగదు. దీన్ని దాచకుండా వ్యాసంలోనే ఒప్పుకున్నారు. తగ్గిన బరువు ఏళ్లపాటు నిలుస్తుందా అన్నది కూడా నాలుగు వారాల ప్రయోగం చెప్పలేదు. 2025లో లండన్ పరిశోధకులు 55 మందికి ఎనిమిదేసి వారాలు రెండు రకాలూ ఇళ్లకే పంపారు. రెండూ బ్రిటన్ ఆరోగ్య సూచనలకు తగ్గట్టు కూర్చినవే. రెండిటితోనూ తగ్గారు, కానీ తక్కువ ప్రాసెస్ చేసినదానితో దాదాపు రెట్టింపు తగ్గారు. దిశ మారలేదు, తేడా చిన్నదైంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 సూచనల్లో అల్ట్రా ప్రాసెస్డ్ తిండి తగ్గించమన్నది ఒకటి. సూచనతో ఆగకుండా, పప్పూ కూరా పెరుగూ ఒక వైపు, ప్యాకెట్ నూడుల్సూ బిస్కెట్లూ కేకులూ మరో వైపు పెట్టి, ఇంత పనితనంతో మన పళ్లేలనూ తూచి చూపించమని ఆ సంస్థను కోరుతున్నాను. ఖర్చు కూడా లెక్కవేయాలి. హాల్ బృందం వేసింది: రోజుకు 2,000 క్యాలరీల చొప్పున వారానికి అల్ట్రా ప్రాసెస్డ్ తిండికి 106 డాలర్లు, రెండోదానికి 151. అది సరుకుల ధర మాత్రమే. వండినవాళ్ల కూలి అందులో లేదు.