శ్రీకాళహస్తి చిత్రపటములు: రేఖకు వెనుకనున్న పని

శ్రీకాళహస్తి కలంకారీ పటములను విమర్శించువారు సాధారణముగా కథతో ప్రారంభించి కథతోనే ముగింతురు. నడిమి పెద్ద గడిలో పట్టాభిషేకమును, చుట్టును వరుసలలో తక్కిన కథయును ఎట్లు కూర్పబడినవి, గడులపై వ్రాసిన తెలుగు వాక్యములు ఏ కావ్యము ననుసరించినవి అనునవియే విచారణాంశములు. ఇవి వలసినవే. కాని పటము కావ్యమువలె శబ్దమయము కాదు. అది గుడ్డయు, నీరును, పాలును, చెక్కయు కూడి యేర్పడిన వస్తువు. ఆ వస్తుధర్మము నెఱుగక చేసిన రసవిచారము పొరపాటు పడుటకు అవకాశము కలదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా పని క్రమమును పరిశీలింతము. నేతగుడ్డను ఉతికి గంజి పోగొట్టిన పిమ్మట, కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపగును. పాలలోని క్రొవ్వు సిరాను ప్రక్కలకు ప్రాకనీయదు. చింతకొమ్మల బొగ్గుతో రూపముల నమర్చుకొని, గుడ్డపీలిక చుట్టిన వెదురు కలముతో కసిమిని గీయుదురు. కసిమి యనగా త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో చాలదినములు పులియబెట్టి వడగట్టిన ద్రవము. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిన పిమ్మటనే దాని నలుపు స్థిరపడును. కావున మనము మెచ్చుకొను ఆ నల్లని రేఖలో చిత్రకారుని చేతినేర్పుతోపాటు, గుడ్డను సిద్ధపఱచినవారి పనియు ఇమిడియున్నది.

ఎఱుపు విషయము మఱింత గమనింపదగినది. చిత్రకారుడు ఎఱుపును పూయడు. ఎఱుపు కావలసిన చోట పటికనీటిని పూయును. ఆరిన గుడ్డను పాఱునీటిలో జాడించి, సురుడుచెక్క, చిరివేరు వంటివి వేసిన కాగులో ఉడికింపగా, పటిక తగిలిన చోటులందే ఎఱుపు నిలుచును. తక్కిన చోట్ల అంటిన మరకను పేడనీటిలో నానబెట్టి, ఎండలో పఱచి, నీరు చల్లుచు తెలుపు చేయుదురు. పసుపును, నీలిమందును ఆ తరువాతనే పూయుదురు. రాముని మేని నీలము చేరునప్పటికి గుడ్డ ఎన్నియో పర్యాయములు నీట మునిగియుండును.

ఇట్టి పటముల ఎఱ్ఱని నేపథ్యమును వీరరౌద్రములకు సంకేతముగా వివరింప ఎవరికైనను మనసగును. కాని అశోకవనమున సీత దుఃఖించు గడిలోను, కల్యాణపు గడిలోను తఱచుగా అదే ఎఱుపు కనబడును. గుడ్డయంతయు ఒకే కాగులో ఉడుకును గదా! కావున రసభేదమును రంగునందుగాక, రేఖయందును, చేతుల విన్యాసమునందును, కనుల తీరునందును వెదకవలెను. అయినను సర్వమును కాగే నిర్ణయించినదనుట అతివాదము. నేపథ్యమును తెల్లగా విడుచుటయు సాధ్యమే. ఎఱుపును కోరుకొనుటలో సంప్రదాయపు అభిరుచి యున్నది. సంకేతమునకును, సాధనమునకును గల హద్దును గుర్తించుటయే విమర్శకుని పని.

ఇందు మఱియొక న్యాయము కూడ ఇమిడియున్నది. 1957లో శ్రీకాళహస్తిలో వెలసిన శిక్షణకేంద్రమున బోధించిన జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి పేరు మనకు తెలియును. ఆయన కుమారులు గురప్పశెట్టిగారు 2008లో పద్మశ్రీ పొందిరి. ఈ గౌరవము ఎంతయు యుక్తము. కాని కరక్కాయలు దంచినవారు, కాగు క్రింద మంట చూచినవారు, స్వర్ణముఖిలో మోకాలిలోతున నిలిచి తడిగుడ్డను జాడించినవారు పటవర్ణనలలో కానరారు. కలము పట్టినవానికి పేరు దక్కినది. కాగు చూచినవానికి దక్కలేదు.

కావున పటములపై పరిశోధించు విద్యార్థులకు ఒక సూచన. గడుల సంఖ్యను, కథాక్రమమును వ్రాసికొనునప్పుడు, ఏ చెక్క వాడిరి, ఏ నీట జాడించిరి, ఏ పనిని ఎవరు చేసిరి అను విషయములను గూడ పనివారి నడిగి వ్రాసికొనవలెను. పటము మిగిలినను, దానిని చేసిన తెఱగు చెప్పగలవారు మిగులకపోవచ్చును.