నాలుగు మూరల నేల చూసుకుంటూ

కార్తిక పౌర్ణమి వెళ్లాక మన హైవేల పక్కన తెల్లబట్టల జైన సాధువులూ సాధ్వులూ నడుస్తూ కనిపిస్తుంటారు. కాళ్లకు చెప్పులుండవు. వాహనం ఎక్కరు. వానాకాలంలో నేలంతా గడ్డీ పురుగూ పుట్టి ఉంటాయి కాబట్టి ఆ నాలుగు నెలలూ చాతుర్మాసమని ఒకచోట ఆగి, తర్వాత మళ్లీ బయల్దేరుతారు. కారులో వెళ్లేవాళ్ల కళ్లు వాళ్ల పాదాల మీద పడతాయి కానీ, చూడాల్సింది వాళ్ల చూపును. తలెత్తి దిక్కులు చూడరు. ముందున్న నాలుగు మూరల నేలను చూసుకుంటూ అడుగేస్తారు. ఇది ఈర్యా సమితి. ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవడమనే వ్రతం.

అహింస అంటే మనకు చప్పున గుర్తొచ్చేది జాలి. జాలి ఒక పూట వస్తుంది, ఇంకో పూట రాదు. జైనులు అహింసను దాని దయకు వదిలేయకుండా ఒక పనితనంగా మలుచుకున్నారు. కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఈ సంగతిని మొహమాటం లేకుండా తేల్చేశాడు. ప్రాణి చచ్చినా బతికినా, అజాగ్రత్తగా మసలినవాడికి హింస అంటుకున్నట్టే. జాగ్రత్తగా నడిచేవాడి కాలికింద పొరపాటున ఓ పురుగు పడినా, అంతమాత్రాన అతనికి కర్మబంధం లేదు. ఈ ఆచార్యుడి ఊరు అనంతపురం జిల్లా కొనకొండ్ల అని చాలామంది పండితుల మాట. దాని పక్కనే ఉన్న గుంతకల్లు మీదుగా రైల్లో పోయేవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

నడకకొక సమితి ఉన్నట్టే మాటకూ, ఆహారం తీసుకోవడానికీ, వస్తువును ఎత్తిపెట్టడానికీ, మలమూత్ర విసర్జనకూ ఒక్కొక్కటి ఉంది. చెంబు కింద పెట్టేముందు ఆ జాగాను చూడాలి, ఊడ్చాలి. దిగంబర మునుల చేతిలోని నెమలిపించి అందుకే. నెమలి తనంతట తాను రాల్చిన ఈకలతో కడతారు. అవి దుమ్మునూ చెమటనూ పట్టవు, తేలిగ్గా ఉంటాయి, చీమ మీద ఆడించినా దానికి దెబ్బ తగలదు. శ్వేతాంబరులు వాడే కుంచె పేరు ఓఘా, అది ఉన్నిపోగులది. వీళ్లలో స్థానకవాసి, తేరాపంథీ శాఖల సాధువులు నోటికి ముహపత్తి అనే గుడ్డ కట్టుకునే ఉంటారు, మూర్తిపూజక శాఖవాళ్లు దాన్ని చేత పట్టుకుని మాట్లాడేటప్పుడు అడ్డం పెట్టుకుంటారు.

ఇదంతా సన్యాసుల సంగతి. పనితనం అసలు రుచి తెలియాలంటే పాతకాలపు పద్ధతి వదలని ఇంట్లో నీళ్లు వడకట్టడం చూడాలి. బిందె మూతికి మందపాటి నూలుగుడ్డ రెండు మడతలేసి కడతారు. అంతవరకు మన అమ్మమ్మలూ చేశారు. తర్వాత మనమైతే గుడ్డను పిండి, దులిపి ఆరేస్తాం. అక్కడ పిండకూడదు. గుడ్డను తిరగేసి, వడకట్టిన నీళ్లనే మెల్లగా పోసి, దానిమీద మిగిలిన ప్రాణులను ఒక పాత్రలోకి దించుతారు. ఆ నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చారో ఆ బావిలోకే తిరిగి చేరాలి, ఎందుకంటే మంచినీళ్ల బావిలోని పురుగు ఉప్పునీళ్లలో బతకదు. పైనుంచి విసిరికొట్టడమూ పనికిరాదు. నీటిని తాకాకే ఒరిగే బకెట్టు ఒకటి ఉంటుంది, దాన్ని తాడుతో నీళ్లదాకా దించుతారు. ఇంతా చేస్తే ఆ వడకట్టిన నీళ్లు రెండు గడియలకే, అంటే 48 నిమిషాలకే చెల్లుతాయి. ఆ తర్వాత మళ్లీ వడకట్టాల్సిందే.

కొళాయి నీళ్లను ఏ బావికి చేర్చాలి? నగరంలో ఈ పద్ధతి ఇక్కడే చిక్కుకుపోయింది. నిష్ఠ గలవాళ్లు కాచిన నీళ్లే తాగుతారు. కాచితే ఉన్న ప్రాణులు పోవా అంటే, ఒక్కసారి పోతాయి కానీ గంటగంటకూ పుట్టి చచ్చే వరస ఆగుతుందంటారు. ఈ సమాధానం నాకు పూర్తిగా మింగుడుపడలేదు.

భోజనం సంగతి చాలామందికి తెలిసిందే. పొద్దుగూకాక తినరు. దీపం చుట్టూ చేరే పురుగులు అన్నంలో పడే కాలంలో పుట్టిన నియమం అది. జైన కేలండర్లో తిథి పక్కన సూర్యాస్తమయం వేళ కూడా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, క్యారట్ ముట్టరు. దుంపను పీకితే మొక్క చస్తుంది, పైగా ఒక్క దుంపలో అనంత జీవులున్నాయని వాళ్ల లెక్క. పావ్‌భాజీలో ఆలుగడ్డ బదులు అరటికాయ పడటం ఈ లెక్క వల్లే.

సంసారికి ఇంత కట్టుబాటు కుదరదని శాస్త్రకారులకూ తెలుసు. అందుకే హింసను నాలుగుగా విడదీశారు. పనిగట్టుకుని చంపేది సంకల్పీ. వంటావార్పుల్లో జరిగేది ఆరంభీ. బతుకుతెరువులో జరిగేది ఉద్యోగీ. మీదపడ్డవాణ్ని ఎదుర్కోవడంలో జరిగేది విరోధీ. గృహస్థు మొదటిదాన్ని పూర్తిగా వదలాలి, తక్కినవాటిని తగ్గించుకోవాలి. ఇవి కాక కూడని వ్యాపారాలు 15 ఉన్నాయి. బొగ్గు కాల్చడం, ఏనుగుదంతం, విషం, అడవికి నిప్పుపెట్టడం, చెరువులు ఎండగట్టడం వాటిలోవే. చివరి రెండూ చదివితే ఇవాళ్టి పేపరు చదివినట్టుంటుంది. గాంధీకి 1891లో బొంబాయిలో పరిచయమై, ఆయన ఆలోచనలపై చెరగని ముద్రవేసిన జైనుడు రాయ్‌చంద్‌భాయి వజ్రాల వ్యాపారి కావడం ఈ జాబితా తెలిసినవాళ్లకు వింతగా తోచదు.

ఇక్కడ ఒక పేచీ ఉంది. నాగలి కింద వానపాము తెగుతుందని వ్యవసాయానికి దూరంగా ఉన్నవాడి కంచంలోకి బియ్యం ఎవరో దున్నితేనే వస్తుంది. ఆ పాపం రైతు ఖాతాలోనా, తిన్నవాడి ఖాతాలోనా? చేసినా, చేయించినా, చేసినదాన్ని మెచ్చుకున్నా ఒకటేనని జైన గ్రంథాలే చెబుతాయి. ఆ కొలతతో కొలిస్తే కొనేవాడికీ తప్పించుకునే దారి లేదు. నియమాలు పాటించడంలో చూపే నిక్కచ్చితనం ఈ ప్రశ్న దగ్గర అంతగా కనిపించదు.

ఈమధ్య ఇలాంటి పేచీయే పాల మీద లేచింది. దూడ తాగాక మిగిలిందే మనం తీసుకుంటున్నామన్నది పెద్దల పాతమాట. ఇంట్లో గొడ్డున్న రోజుల్లో అది చెల్లింది. ప్యాకెట్ పాలలో దూడకేం మిగిలిందో, అది మగదూడైతే దాని గతేమిటో కొన్నవాడికి తెలియదు. అమెరికా, బ్రిటన్లలో పెరిగిన జైన యువతలో కొందరు పాలూ నెయ్యీ మానేశారు, పట్టు కట్టడం లేదు. మరి తీర్థంకరుడి అభిషేకానికి ఏం పోస్తారని ఇంట్లో పెద్దవాళ్లు నిలదీస్తున్నారు. నీళ్లు పోస్తామంటున్నారు పిల్లలు, వడకట్టినవే.